మంట ఆర్పి ఇంటికొచ్చిన మనిషి

వీధిలోకి ఫైరింజను వచ్చిందంటే ఇంట్లో ఆగేవాళ్ళు తక్కువ. పొయ్యి ఆపి ఆడవాళ్ళూ, పుస్తకాలు పడేసి పిల్లలూ, పేపరు చేత్తో పట్టుకునే పెద్దవాళ్ళూ అరుగుల మీదికీ డాబాల మీదికీ చేరిపోతాం. మంట ఆరేదాకా కళ్ళప్పగించి చూస్తాం. ఆరాక "పోనీలే, ఎవరికీ ఏమీ కాలేదు" అనుకుంటాం. ఆ "ఎవరికీ" అన్న మాటలో మంట ఆర్పినవాళ్ళు లెక్కకు రారు. తడిసిన గొట్టాలు చుట్టుకుని బండెక్కిన ఆ నలుగురైదుగురి ఒంట్లో ఆ సమయాన ఏం జరుగుతోందో మనకు తెలియదు. చాలాసార్లు వాళ్ళకీ తెలియదు.

గుంటూరు జిల్లాలో ఒక పట్నంలో నేను ముప్ఫై ఏళ్ళుగా ప్రాక్టీసు చేస్తున్నాను. నా నర్సింగ్‌హోముకూ ఫైర్ స్టేషనుకూ మధ్య ఒక్క వీధే అడ్డం. మా ప్రాంతంలో వేసవి వస్తే పత్తి గోడౌనో, మిర్చి కోల్డ్ స్టోరేజీయో, గడ్డివామో, పూరిళ్ళ వరసో ఏదో ఒకటి అంటుకుంటూనే ఉంటుంది. ఆ స్టేషన్లో పనిచేసినవాళ్ళూ, వాళ్ళ భార్యాపిల్లలూ చాలామంది నా పేషెంట్లు. చిత్రమేమిటంటే, వాళ్ళు ఒళ్ళు కాలి నా దగ్గరకు వచ్చింది బహు తక్కువ. తలనొప్పితో వచ్చారు. వాంతులతో వచ్చారు. గుండెల్లో బరువుతో, తెగని దగ్గుతో, పట్టని నిద్రతో వచ్చారు. అదీ మంట ఆరిపోయాక. కొందరైతే ఏళ్ళ తర్వాత.

ఇన్నేళ్ళలో నాకు అర్థమైంది ఒక్కటే. మంట ఆరినంత మాత్రాన దాన్ని ఆర్పినవాడి ప్రమాదం తీరిపోదు. ఆ తర్వాతి పది నిమిషాలు ఒక గండం. ఆ రాత్రి ఇంకొకటి. ఆ తర్వాతి సంవత్సరాలు మరొకటి. మొదటిదానిలో అతణ్ణి కాపాడవలసింది తోటివాళ్ళు. మిగతా రెండింటిలో చాలావరకు ఇంట్లోవాళ్ళే. అందుకే ఈ సంగతులు ఫైర్ స్టేషన్లో గోడకు అంటించే కాగితం మీదకంటే ఇంటింటికీ వెళ్ళే పత్రికలో ఉండాలని నా ఉద్దేశం. మీ ఇంట్లో ఫైర్ ఉద్యోగి లేకపోయినా చదవండి. బాయిలర్ దగ్గరా, ఇటుక బట్టీల దగ్గరా, బేకరీల్లోనూ పనిచేసే మన వాళ్ళకు కూడా ఇందులో కొంత పనికొస్తుంది.

ఒంట్లో రాజుకునే వేడి

మంటలోకి వెళ్ళేవాడు వేసుకునే మందపాటి కోటు, బూట్లు, హెల్మెట్, వీపున గాలి సిలిండరు - అన్నీ కలిపి ఇరవై కిలోలు పైమాటే. ఆ కోటు బయటి వేడిని లోపలికి రానివ్వదు. మంచిదే. కాని లోపలి వేడినీ బయటికి పోనివ్వదు. బరువు మోస్తూ మెట్లెక్కే మనిషి కండరాల్లో పుట్టే వేడి, మూతపెట్టిన ఇడ్లీపాత్రలో ఆవిరిలాగా అక్కడే తిరుగుతుంది. గంటకు లీటరు పైగా చెమట పోయినా అది ఆరితేనే కదా ఒళ్ళు చల్లబడేది! కోటు లోపల అది ఆరదు. బనీను తడిసి ముద్దవుతుందే తప్ప ఒళ్ళు చల్లబడదు.

బయటికి వచ్చి కూర్చున్నా ఈ వేడి వెంటనే దిగదు. స్కాట్లాండులోని ఎడిన్‌బరో పరిశోధకులు 19 మంది ఆరోగ్యవంతులైన ఫైర్ సిబ్బందిని శిక్షణ కోసం వేసిన మంటలోకి పంపి, తర్వాత పరీక్షించారు. ఆ ఫలితాలు 2017లో ప్రచురించారు. వాళ్ళ ఒంటి లోపలి వేడి సుమారు ఒక సెంటీగ్రేడు డిగ్రీ పెరిగింది. కొన్ని గంటలపాటు తగ్గలేదు. అంతకంటే ముఖ్యం, వాళ్ళ రక్తం మామూలుకంటే సులువుగా గడ్డకట్టసాగింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, గుండె గురించి చెప్పేటప్పుడు మళ్ళీ పనికొస్తుంది.

ఒంటి వేడి 104 డిగ్రీల ఫారన్‌హీటు దాటి, మనిషి తడబడుతున్నా, సంబంధం లేకుండా మాట్లాడుతున్నా, ఊరికే కసురుకుంటున్నా అది వడదెబ్బ. "చెమట పడుతోంది కదా, వడదెబ్బెలా అవుతుంది?" అని అడుగుతారు. ఎండలో ఊరికే కూర్చున్న ముసలివాళ్ళకు చెమట ఆగిపోవచ్చు. కష్టపడి పనిచేస్తూ వడదెబ్బ తగిలినవాడికి చెమట ధారలు కడుతూనే ఉండవచ్చు. అలాంటివాణ్ణి అలాగే బండిలో వేసుకుని ఆస్పత్రికి పరుగెత్తకండి. ముందు కోటు విప్పి, ఒళ్ళంతా చన్నీళ్ళు పోసి, విసిరి, చల్లబరుస్తూనే 108కి ఫోను చేయండి.

అంతదాకా రాకుండా చూసుకోవడం చాలా తేలిక. కోటు విప్పాలి. నీడన కూర్చోవాలి. రెండు చేతులూ మోచేతుల దాకా చన్నీళ్ళ బకెట్లో ముంచి ఉంచాలి. ముంజేతుల్లో చర్మం కిందే రక్తనాళాలు బోలెడు. అక్కడ చల్లబడిన రక్తం ఒళ్ళంతా తిరుగుతుంది. పది పదిహేను నిమిషాలకొక గ్లాసు చొప్పున నీళ్ళు, ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, లేకపోతే ఓఆర్‌ఎస్ తాగాలి. గటగటా చెంబులకు చెంబులు ఉత్త నీళ్ళు తాగడం కూడా మంచిది కాదు, రక్తంలో ఉప్పు పల్చబడుతుంది. "ఒళ్ళు వేడిమీద ఉండగా చన్నీళ్ళు తాగితే పక్షవాతం వస్తుంది" అని పెద్దవాళ్ళు అంటుంటారు. రాదు. నిర్భయంగా ఇవ్వండి. ఆ పూట మందు, అంటే సారా బాపతు మందు, మాత్రం ముట్టుకోకూడదు. అది ఉన్న నీటిని కూడా బయటికి పంపేస్తుంది.

ఇదంతా నేను మా స్టేషన్ ఆఫీసరుకు చెప్పినప్పుడు ఆయన శ్రద్ధగా విన్నారు. బండిలో రెండు బకెట్లు, ఒక మడత బెంచీ, మజ్జిగ క్యాను పెట్టించారు. కాని సిబ్బంది ఒప్పుకోలేదు. ఒక లీడింగ్ ఫైర్‌మన్ నాతోనే అన్నాడు: "అక్కడ కొంప మండుతుంటే ఇక్కడ బెంచీ మీద కూర్చుని మజ్జిగ తాగితే జనం ఊరుకుంటారా సార్? ఫోన్లతో ఫొటోలు తీసి, జీతాలు తీసుకుని కూర్చున్నారని తిట్టరూ?"

అతని మాటలో అబద్ధం లేదు. అందుకే ఇది చదివే మీకు చెబుతున్నాను. అమెరికాలో అగ్నిమాపక పనులకు నియమాలు రాసే సంస్థ 2008లోనే ఈ విశ్రాంతిని ఒక ప్రమాణంగా ప్రకటించింది. అరగంట సిలిండర్లు రెండు ఖాళీ చేసినవాడు కనీసం ఇరవై నిమిషాలు పక్కకు వచ్చి, కూర్చుని, చల్లబడి, నాడి చూపించుకుని, సరేనంటేనే తిరిగి లోపలికి వెళ్ళాలి. అంటే కూర్చోవడం కూడా డ్యూటీయే. కూర్చోనివ్వకుండా పంపిన మనిషి లోపల పడిపోతే, అతన్ని బయటికి తేవడానికి మరో ఇద్దరు మంటలోకి వెళ్ళాలి. ఈసారి నీడన కూర్చున్న ఫైర్‌మన్ కనిపిస్తే తప్పుపట్టకండి. చేతనైతే ఒక చెంబు మంచినీళ్ళు ఇవ్వండి.

కనపడని పొగ

ఒక మే నెలలో మా ఊరి పత్తి గోడౌను అంటుకుంది. పత్తి మంట సంగతి తెలిసినవాళ్ళకు తెలుసు. పైన మంట గంటలో ఆరిపోతుంది. బేలు లోపల మాత్రం రోజుల తరబడి కుములుతుంది. ఒక్కొక్క బేలూ లాగి, విప్పి, తడపాలి. రెండోరోజు సాయంత్రం ఒక ఫైర్‌మన్ను అతని భార్య నా దగ్గరకు తీసుకొచ్చింది.

"పొద్దుట్నించీ తల పగిలిపోతోందంటున్నారు డాక్టరుగారూ. రెండుసార్లు వాంతి చేసుకున్నారు. వడదెబ్బే, పడుకుంటే తగ్గిపోతుందని స్టేషన్లోవాళ్ళన్నారు" అంది.

ఒళ్ళు చూస్తే వేడి లేదు. వేలికి తగిలించే ఆక్సిజన్ మీటరు 99 చూపించింది. "గోడౌన్లో నీతోపాటు ఇంకెవరున్నారయ్యా?" అని అడిగాను. ఇద్దరి పేర్లు చెప్పాడు. వాళ్ళకు ఫోను చేయిస్తే ఇద్దరికీ తలనొప్పే! ఒకచోట పనిచేసిన ముగ్గురికి ఒకేరోజు తలనొప్పి వస్తే అది వడదెబ్బ కంటే ముందు కార్బన్ మోనాక్సైడు అని అనుమానించాలి. ముగ్గురికీ మాస్కు బిగించి ఆక్సిజన్ పెట్టి పెద్దాసుపత్రికి పంపాను. అక్కడ రక్తపరీక్షలో అదే తేలింది. ముగ్గురూ కోలుకున్నారు. ఆ రాత్రి ఆమె భర్తను పడుకోబెట్టి, పొద్దున లేపుదామనుకుని ఉంటే ఏమయ్యేదో నేను చెప్పనక్కర్లేదు.

ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు, ఘాటు లేదు. భగభగ మండే మంటలోకంటే గాలి సరిగా అందక కుమిలే మంటలో ఎక్కువగా పుడుతుంది. మంట కనపడదు కాబట్టి సిబ్బంది అప్పుడే మాస్కు తీసేస్తారు. అక్కడే మోసం. రక్తంలో ప్రాణవాయువును మోసే హీమోగ్లోబిన్ను ఆర్టీసీ బస్సు అనుకోండి. కార్బన్ మోనాక్సైడు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టేస్తుంది. సీటు పట్టుకోవడంలో దానికి ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలం. ఆక్సిజన్ కింద నిలబడిపోతుంది. వేలికి పెట్టే మామూలు మీటరుకు సీటు నిండిందా లేదా అన్నదే తెలుసు, అందులో కూర్చున్నది ఎవరో తెలియదు. అందుకే 99 చూపిస్తుంది. మామూలు గాలి పీలిస్తే ఆ సీట్లలో సగం ఖాళీ కావడానికి నాలుగైదు గంటలు పడుతుంది. బిగుతైన మాస్కుతో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నరలో అవుతుంది.

ముక్కుకు తడిగుడ్డ కట్టుకుంటే చాలనుకునేవాళ్ళున్నారు. తడిగుడ్డ మసిని కొంత ఆపుతుందేమో గాని ఈ వాయువును ఆపలేదు. "పొగ పీల్చాక బెల్లం ముక్క తింటే దిగిపోతుంది" అన్నది ఇంకో నమ్మకం. బెల్లం పొట్టలోకి వెళుతుంది, పొగ వెళ్ళింది ఊపిరితిత్తుల్లోకి. ఇక స్పాంజి పరుపులు, సోఫాలు, నైలాను బట్టలు కాలితే సైనైడు విషవాయువు కూడా పుడుతుంది. ఈ రోజుల్లో ఏ ఇంట్లో మంట లేచినా ఇవి కాలకుండా ఉండవు.

పొగలో పనిచేసి వచ్చినవాడి గొంతు బొంగురుపోయినా, కఫంలో మసి పడినా, ముక్కులో వెంట్రుకలు మాడినా, ఊపిరి తీస్తుంటే ఈలలాంటి శబ్దం వచ్చినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. లోపల గొంతు వాపు ఒక రోజంతా మెల్లగా పెరగవచ్చు. సాయంత్రం బాగానే మాట్లాడినవాడు తెల్లవారుజామున ఊపిరాడక లేవవచ్చు. కార్బన్ మోనాక్సైడు తగిలినవాళ్ళలో కొందరికి తగ్గినట్టే తగ్గి, రోజుల తర్వాత, వారాల తర్వాత మతిమరుపు, చిరాకు, నడకలో తడబాటు రావచ్చు. అప్పుడు డాక్టరుకు ఆ పాత సంగతి తప్పక చెప్పండి. మీరు చెప్పకపోతే ఆయనకు తట్టే దారి లేదు.

గ్యాస్ నొప్పి అనుకున్నది

మా స్టేషన్లో ఒక డ్రైవర్ ఆపరేటర్ ఉండేవాడు. యాభై దాటాయి. ఒక రాత్రంతా పంపు దగ్గర నిలబడి, తెల్లవారి ఇంటికెళ్ళి, "ఛాతీలో పట్టేసినట్టుంది, గ్యాసు, సోడా తెప్పించు" అన్నాడట. ఒళ్ళంతా చెమట. ఎడమ దవడ లాగుతోందట. ఆయన భార్య సోడాకు మనిషిని పంపలేదు. ఆటో పిలిపించింది. "రాత్రి తినలేదు, గ్యాసెక్కడిది?" అని మాత్రం అందట. ఈసీజీ తీస్తే గుండెపోటు. గడ్డ కరిగే ఇంజెక్షను ఇచ్చి పంపాం. ఇప్పుడు ఆయన రిటైరై మనవడితో నా ఆస్పత్రి ముందునుంచే వాకింగుకు వెళుతుంటాడు.

ఇది ఒక్క మనిషి కథ కాదు. 1994 నుంచి 2004 వరకు అమెరికాలో విధుల్లో చనిపోయిన ఫైర్ సిబ్బంది వివరాలను పరిశీలించి 2007లో ఒక పరిశోధన ప్రచురించారు. 2001 సెప్టెంబరు 11 నాటి దుర్ఘటనలో పోయినవాళ్ళను ఆ లెక్కలో కలపలేదు. మొత్తం మరణాల్లో నూటికి 39 మంటవల్ల కాదు, గుండెజబ్బువల్ల! ఆ గుండె మరణాల్లో నూటికి 32 మంట ఆర్పుతుండగా జరిగాయి. మరి మంట ఆర్పడానికి పట్టేది ఏడాది డ్యూటీలో నూటికి ఒకటి నుంచి అయిదు పాళ్ళ సమయమే. ఇంకా ఆలోచించవలసింది, నూటికి 17 మంట నుంచి తిరిగి వస్తుండగా జరిగాయి.

కారణం ఇప్పుడు మీకే తెలుస్తుంది. గంట మోగగానే నిద్రలోంచి ఉలిక్కిపడి లేస్తే గుండె ఒక్కసారిగా పరుగందుకుంటుంది. తర్వాత వేడి, బరువు. చెమట పోయి చిక్కబడిన రక్తం, గడ్డకట్టడానికి సిద్ధంగా ఉంటుంది. పొగవల్ల గుండెకు అందే ప్రాణవాయువు తగ్గుతుంది. అప్పటికే గుండె నాళాల్లో కొవ్వు పేరుకుని ఉంటే ఇది చాలు. కాబట్టి నలభై దాటిన ప్రతి ఫైర్ ఉద్యోగీ ఏడాదికొకసారి రక్తపోటు, షుగరు, కొలెస్టరాలు, ఈసీజీ చూపించుకోవాలి. బీడీ, సిగరెట్టు మానాలి. ఇంట్లోవాళ్ళు ఒక్క నియమం పెట్టుకోండి. మంట ఆర్పి వచ్చిన ఇరవై నాలుగు గంటల్లో ఛాతీలో, దవడలో, ఎడమ చేతిలో ఏ నొప్పి వచ్చినా, పైకడుపులో మంట అన్నా అది గ్యాసు అని డాక్టరే చెప్పాలి, మీరు చెప్పుకోకూడదు.

కోటుతోపాటు ఇంటికొచ్చే మసి

1775లో పెర్సివల్ పాట్ అనే లండను సర్జను ఒక సంగతి గమనించాడు. పొగగొట్టాలు శుభ్రం చేసే పనివాళ్ళకు వృషణాల తిత్తి మీద క్యాన్సరు వస్తోంది. చర్మం ముడతల్లో చేరిన మసే కారణమన్నాడు. వృత్తివల్ల క్యాన్సరు రావచ్చని చెప్పిన తొలి వైద్యుల్లో ఆయన ఒకడు. దాదాపు రెండున్నర శతాబ్దాల తర్వాత, 2022లో, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ ఫైర్ సిబ్బంది పనినే క్యాన్సరు కలిగించే వాటి మొదటి జాబితాలో చేర్చింది. మూత్రాశయ క్యాన్సరుకూ, ఊపిరితిత్తుల పైపొరకు వచ్చే మెసోథీలియోమాకూ తగినంత రుజువు ఉందని తేల్చింది.

పొగ ఎంత కాలం తర్వాత పగ తీర్చుకుంటుందో న్యూయార్కు చూసింది. 2001 సెప్టెంబరు 11న ఆ నగర అగ్నిమాపక శాఖ ఒక్కరోజే 343 మందిని పోగొట్టుకుంది. శిథిలాల ధూళిలో, పొగలో నెలల తరబడి పనిచేసినవాళ్ళు తర్వాత ఒక్కొక్కరే జబ్బు పడ్డారు. అలా జబ్బులవల్ల పోయినవాళ్ళ సంఖ్య 2023 సెప్టెంబరుకు అదే 343కి చేరింది.

ఈ విషాలు ముక్కులోంచే కాదు, చర్మంలోంచి కూడా లోపలికి వెళతాయి. మెడ, చెవుల వెనక, మణికట్టు, గజ్జలు - చెమట పట్టే చోటల్లా. అయితే నిరాశపడనక్కర్లేదు. మంట దగ్గరే తడిబట్టతో మెడ తుడుచుకుంటే అక్కడి విషపదార్థాలు సగానికి సగం తగ్గాయని 2017లో అమెరికాలో ప్రచురించిన పరీక్షలో తేలింది. పైసా ఖర్చులేని వైద్యం!

ఇంట్లో చేయవలసినది ఇంతే. మంటలో వేసుకున్న కోటు, బూట్లు ఇంటికి తేకూడదు. స్టేషన్లోనే కడిగి ఆరబెట్టాలి. వీలైతే గంటలోపు సబ్బుతో తలస్నానం చేయాలి. స్నానం కాకముందు అన్నానికి కూర్చోకూడదు, పిల్లల్ని ఎత్తుకోకూడదు. లోపలి బట్టలు వేరే బకెట్లో నానబెట్టి విడిగా ఉతకాలి. మిషన్లో వేస్తే పిల్లల బట్టలతో కలపకుండా వేసి, తర్వాత ఒకసారి ఖాళీగా తిప్పాలి. "నాన్న డ్యూటీ వాసన" అని ఆ చొక్కా ముఖానికి పెట్టుకుని పడుకునే పాపాయిని నేను చూశాను. ముచ్చటే గాని, ఆ వాసన మసిది తల్లీ, నాన్నది కాదు.

రిటైరైన ఒక ఫైర్‌మన్‌కు మూత్రం ఎర్రగా రాసాగింది. నొప్పి లేదు. "వేడి చేసింది" అని రెండు నెలలు బార్లీ నీళ్ళు, కొబ్బరినీళ్ళు తాగాడు. కొడుకు పట్టుబట్టి తీసుకొచ్చాడు. పరీక్షిస్తే మూత్రాశయంలో చిన్న కంతి. అదృష్టం, ఇంకా పైపొరలోనే ఉంది. గొట్టం లోపలికి పంపి తీసేశారు. ఇప్పటికీ పిలిచినప్పుడల్లా వెళ్ళి చూపించుకుంటున్నాడు. అతను బీడీలు కూడా కాల్చేవాడు. పొగలో ఏ పొగ ఎంత చేసిందో విడదీసి చెప్పలేం. కాని నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడితే, ఒక్కసారి పడి ఆగిపోయినా సరే, అది వేడి కాదు. తప్పక పరీక్ష చేయించాలి.

కళ్ళు మూస్తే కనిపించేది

అన్నిటికంటే ఆలస్యంగా బయటపడే దెబ్బ మనసుది. పాతికేళ్ళ కుర్రాడొకడు నిద్రమాత్రలు రాయమని వచ్చాడు. మాత్ర రాసి పంపితే రెండు నిమిషాల పని. కూర్చోబెట్టి టీ తెప్పించాను. పూరిళ్ళు కాలినప్పుడు ఒక పసిబిడ్డను బయటికి తెచ్చాడట. అప్పటికే ప్రాణం లేదు. "ఇంట్లో మా పాపని ఎత్తుకుంటే ఆ బరువే గుర్తొస్తోంది సార్" అన్నాడు. అందుకని నెలన్నరగా కూతుర్ని ఎత్తుకోవడం మానేశాడు. భార్యేమో, ఆడపిల్ల పుట్టిందని అయిష్టమేమోనని లోలోపల కుమిలిపోతోంది. ఒకరికొకరు ఒక్కమాట చెప్పుకోలేదు.

ఇది పిరికితనం కాదు. గాయం. చూడకూడనిది చూసినవాళ్ళలో ఎవరికైనా కొన్నాళ్ళు పీడకలలు, ఉలికిపాటు, ముభావం ఉంటాయి. చాలామందికి వారాల్లో అవే తగ్గుతాయి. ఆ రోజుల్లో "ఏం జరిగిందో చెప్పు, చెప్పు" అని వేధించకూడదు. అలా బలవంతాన ఒకసారి కూర్చోబెట్టి చెప్పిస్తే మేలు జరుగుతుందనడానికి పరిశోధనల్లో రుజువు దొరకలేదు. "మగాడివి, ఇంతమాత్రానికేనా" అనడం అంతకంటే తప్పు. పక్కన కూర్చోండి. వేళకు అన్నం పెట్టండి. రాత్రి డ్యూటీ చేసి వచ్చినవాణ్ణి పగలు నిద్రపోనివ్వండి. తనంతట తాను చెబితే అడ్డు రాకుండా వినండి. నెల దాటినా తగ్గకపోయినా, తాగుడు మొదలైనా, బతుకు మీద విరక్తి మాటలు వచ్చినా డాక్టరుకు చూపించండి. దీనికి మంచి చికిత్స ఉంది. 14416 నంబరుకు ఫోను చేస్తే ప్రభుత్వ టెలీ మానస్ సేవలో ఏ వేళైనా మాట్లాడవచ్చు, డబ్బు అడగరు.

ఆ కుర్రాడి భార్యను మర్నాడు పిలిపించి, అతని ఎదుటే సంగతంతా చెప్పించాను. మానసిక వైద్యుడి దగ్గరకు కొన్ని నెలలు వెళ్ళాడు. పాపకు టీకా వేయించడానికి ఈసారి అతనే ఎత్తుకుని వచ్చాడు.

ఒక్కచోట రాసి పెట్టుకోండి

ఫైర్ ఉద్యోగి ఉన్న ఇంట్లో ఈ అయిదూ గోడమీద కనపడేలా ఉంచుకుంటే మంచిది.

1. మంట నుంచి వచ్చిన రాత్రి అతన్ని ఒంటరిగా పడుకోనివ్వకండి. తలనొప్పి, వాంతి, మగతగాని, బొంగురు గొంతుగాని ఉంటే నిద్రపుచ్చకండి, ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

2. వేలి మీటరు అంకె బాగుందని ధైర్యపడకండి. పొగ పీల్చాడని డాక్టరుకు ముందే చెప్పండి.

3. ఛాతీ నొప్పికి సోడా మందు కాదు. 108కి ఫోను చేయండి.

4. మూత్రం ముదురు పసుపుగా ఉంటే ఇంకా నీళ్ళు, మజ్జిగ ఇవ్వండి. కాఫీ డికాక్షనులా నల్లగా వస్తే కండరాలు దెబ్బతిని మూత్రపిండాలకు చేటు జరుగుతోందని అర్థం. ఆలస్యం చేయకండి.

5. స్నానం ముందు, అన్నం తర్వాత. బట్టలు వేరు.

1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ పేలిపోయింది. అందులో పత్తి బేళ్ళూ, పేలుడు పదార్థాలూ ఉన్నాయి. మంట ఆర్పబోయిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది ఆ రేవులో ప్రాణాలర్పించారు. వాళ్ళ జ్ఞాపకార్థం దేశమంతా ఏప్రిల్ 14న అగ్నిమాపక దినం, ఆ వారమంతా వారోత్సవాలు జరుపుతున్నాం. మా స్టేషన్లో కొన్నేళ్ళుగా ఆ వారంలో ఒక పూట సిబ్బంది అందరికీ రక్తపోటు, షుగరు, ఈసీజీ, మూత్ర పరీక్ష చేస్తున్నాం. మొదటి ఏడాది ముగ్గురే వచ్చారు. రెండో ఏడాది నుంచి భార్యలకు కబురు పెట్టాం. అందరూ వచ్చారు. మీ ఊళ్ళో డాక్టరుకూ, స్టేషన్ ఆఫీసరుకూ ఈ మాట చెప్పి చూడండి. ఒక పూట పని, ఒక్క ఈసీజీ మిషను చాలు. పోయినవాళ్ళకు దండలు ఎలాగూ వేస్తాం. ఉన్నవాళ్ళ నాడి కూడా ఆ రోజే చూద్దాం.